పదేళ్ల పాప సొంతంగా స్వరాలు అల్లుతోంది. ప్రోత్సహించాలా, ఆపాలా?

ప్రశ్న: చిత్తూరు తల్లి

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉంటాం. మా పాపకు పదేళ్లు. గాత్రం నేర్చుకోవడం ఇది మూడో ఏడు. అలంకారాలు, గీతాలు అయ్యాయి, మోహన రాగంలో వర్ణం ఈ మధ్యే మొదలైంది.

ఇంట్లో సాధనకు కూర్చోబెడితే పాఠం ఒకటి రెండు సార్లు పాడుతుంది. ఆ తర్వాత తనకు తోచిన స్వరాలు కలుపుకుంటూ పోతుంది. అన్నం కలుపుకుంటూ కూడా ఎడమ చేత్తో తాళం వేస్తూ ఏదో ఒకటి అల్లుతూనే ఉంటుంది. ఒకరోజు అదే పని గురువుగారి ముందు చేసింది. "కీర్తనలు పాతిక వస్తే మనోధర్మం దానంతట అదే వస్తుంది, ఇప్పుడు చెప్పింది పాడు" అన్నారట. మనోధర్మం అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటమట. పాప ముఖం ముడుచుకుని ఇంటికి వచ్చింది.

మా అత్తగారు గురువుగారి పక్షం. మా వారు ఒక వీడియో చూపించి, ఇలా అప్పటికప్పుడు అల్లడం వల్ల పిల్లల మెదడు మారుతుందట, లెక్కల్లో కూడా ముందుంటారట అంటున్నారు. నాకు సంగీతం రాదు. పాప పాడేది బాగుందో లేదో కూడా చెప్పలేను. తెలిసినవారు చెప్పండి, దీనివల్ల నిజంగా లాభం ఉందా?

జవాబు: వాయులీన మాస్టారు, తిరుపతి

అమ్మా, ఆపవద్దు. అలాగని ఇష్టం వచ్చినట్టు పాడుకొమ్మని వదిలేయవద్దు కూడా.

తిరుపతిలో పిల్లలకు వయొలిన్, గాత్రం చెప్పుకుంటూ నా తల నెరిసింది. "కీర్తనలు వస్తే అదే వస్తుంది" అనే మాట మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది. అదే రాదు. బోలెడన్ని వర్ణాలు, కీర్తనలు వచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. "మోహనంలో ఒక్క ఆవర్తనం, తాళం ఒక చుట్టు, నీ సొంతంగా పాడు" అంటే గోడకేసి చూస్తారు. గొంతు ఉంది, జ్ఞాపకం ఉంది, తాళం ఉంది. తర్వాతి స్వరం ఏదో తామే నిర్ణయించుకోవలసిన అవసరం మాత్రం వాళ్లకు ఒక్కరోజు కూడా రాలేదు. ఇక పోటీల సంగతి. కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు పాడాలని నియమం పెడితే, గురువులు వాటిని నోటుపుస్తకంలో రాసిస్తారు. పిల్ల బట్టీపట్టి, వేదిక మీద అప్పుడే తోచినట్టు కళ్లు మూసుకుని పాడుతుంది. న్యాయనిర్ణేతలకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, పాడే పిల్లకూ తెలుసు.

నేను చేయించేది చెబుతాను. మోహనం, ఆది తాళం, మొదటి కాలం అంటే నిదానపు నడక, అక్షరానికి ఒక స్వరం. ఆవర్తనానికి ఎనిమిది అక్షరాలు కదా, లఘువు అనే మొదటి భాగంలో నాలుగూ నావి, తర్వాతి రెండు ద్రుతాల్లో నాలుగూ పిల్లవి. నేను "స రి గ ప" అంటాను. పిల్ల ఆగకుండా "ద ప గ రి" అంటుంది. చివరి స్వరం తర్వాతి సమంలో, అంటే తాళం తిరిగి మొదలయ్యే చోట, నేను అందుకునే షడ్జానికి (స) అతకాలి, అంటే రిషభం (రి) మీద గాని కింది ధైవతం (ద) మీద గాని ముగియాలి. నేను పాడిందే తిరిగి పాడకూడదు. తాళం ఆగకూడదు. ఇంతకు మించి నియమాలు లేవు. మొదట్లో అందరూ "గ ప గ రి" ఒక్కదాన్నే పట్టుకుని వేలాడతారు. వేలాడనివ్వాలి. ఎప్పుడో ఒకప్పుడు ఒక గడుసు పిల్ల "స ద స రి" అని కిందికి దిగి వస్తుంది. ఆ రోజు నుంచి తరగతి మొత్తం కింది స్థాయిలోనే తిరుగుతుంది, వద్దన్నా వినరు.

మోహనమే ఎందుకంటే అందులో మధ్యమం (మ), నిషాదం (ని) లేవు. గాంధారం (గ) పక్కనే ఉండే మధ్యమం, షడ్జం పక్కనే ఉండే నిషాదం పోయాయి కాబట్టి, ఏ స్వరం పక్కన ఏది పడినా చెవికి గుచ్చుకోదు. కార్ల్ ఆర్ఫ్ అనే జర్మన్ సంగీతకర్త పిల్లలకు ఇదే దారి వేశారు. 1924లో మ్యూనిక్‌లో మొదలైన ఒక పాఠశాలలో ఆయన చేసిన ప్రయత్నాలు తర్వాత పిల్లల బోధనా పద్ధతిగా స్థిరపడ్డాయి. స్వరానికో రేకు ఉండే చిన్న వాయిద్యం పిల్లల ముందు పెడతారు. మన లెక్కలో మ, ని అనదగ్గ రేకులు ఊడదీసి పక్కన పెడతారు. మిగిలిన వాటి మీద తోచింది వాయించమంటారు. ఆ మిగిలినవి మన మోహనం మెట్లే. ఇది తెలిసినప్పుడు నాకు కొంచెం సంతోషం, చాలా ఉక్రోషం కలిగాయి. అక్కడ బొమ్మలతో ఆడుకునే వయసు పిల్లల చేతికి ఇచ్చిన పనిని, ఇక్కడ మనం మనోధర్మం అని పేరు పెట్టి అటక మీద దాచాం.

లాభం ఏమిటని అడిగారు. సృజనాత్మకత లాంటి బరువైన మాటలు నేను అనను. నేను చూసేది చెవి తెరుచుకోవడం. ఒక సాయంత్రం ఒక పిల్ల నాకు జవాబుగా "ద ప మ రి" అంది. లేని మధ్యమం వచ్చి పడింది. నేను ఏమీ అనలేదు, తొడ మీద తాళం నడిపిస్తూనే ఉన్నాను. రిషభం దగ్గర గొంతు కాస్త వణికింది గాని సమానికి సరిగ్గా చేరింది. నేను నా లఘువు పాడుతుండగానే ఆమె కనుబొమలు పైకి లేచాయి. తన వంతు రాగానే "ద ప గ రి" అని, గాంధారాన్ని ఒక పిసరు గట్టిగా ఒత్తి పాడింది. నేను దిద్దలేదు, తానే దిద్దుకుంది. అదే పిల్ల వర్ణంలో అపస్వరం పలికితే, నేను చెయ్యి ఎత్తేదాకా అలాగే సాగిపోతుంది. పాఠంలో తప్పు పట్టడం గురువు పని అని మా అందరి మధ్యా ఒక ఒప్పందం ఉంది మరి. సొంతంగా పాడేటప్పుడు ఆ ఒప్పందం చెల్లదు. తాను ఏమి పాడుతోందో తానే వినాలి.

ఇంకొకటి, తడబడినా ఆగకపోవడం. పాఠంలో తప్పు పోతే పిల్లలు వెంటనే మొదటికి వెళ్లిపోతారు, అది చేతివేలు కాలినట్టు అసంకల్పితంగా జరుగుతుంది. ఇక్కడ వెళ్లడానికి మొదలు లేదు. సమం ముంచుకొస్తోంది, ఎలాగో ఒకలా చేరాలి. వేదిక మీద వర్ణం మధ్యలో మరిచిపోయి ఏడుస్తూ దిగిపోయే పిల్లలను మీరూ చూసే ఉంటారు. నాలుగు స్వరాల ఆట అలవాటైన పిల్లలు మరిచిపోరని కాదు, మరిచిపోయిన చోట ఏదో ఒకటి పాడి తాళంలో నిలబడతారు.

మీ వారు చూపించిన వీడియో సంగతి. దాని మూలం బహుశా 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన అధ్యయనం. జాజ్ పియానో కళాకారులు ఆరుగురిని ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కీబోర్డు ఇచ్చి వాయింపజేశారు. ముందే నేర్చుకున్నది వాయించినప్పటికంటే, అప్పటికప్పుడు అల్లి వాయించినప్పుడు, తన పనిని తానే కాపలా కాసే మెదడు భాగాలు కొన్ని నెమ్మదించాయి, తన మనసులోది బయటపెట్టడానికి సంబంధించిన భాగం చురుకైంది. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ ఆరుగురూ పెద్దవాళ్లు, వృత్తి కళాకారులు. దాన్ని పట్టుకుని పదేళ్ల పిల్లకు లెక్కల్లో మార్కులు పెరుగుతాయనడం ఆ పరిశోధకులకూ అన్యాయం, పిల్లకూ అన్యాయం. పాట కోసం పాడనివ్వండి. లెక్కలకు లెక్కల మాస్టారు ఉన్నారు.

జవాబు: శ్రుతిశుద్ధం

మాస్టారి అనుభవం మీద గౌరవం ఉంది. అయినా ఒప్పుకోలేను. నేనూ పాఠం చెప్పేదాన్నే.

మోహనం అంటే ఐదు మెట్లు కాదు. గాంధారానికి, ధైవతానికి ఒక ఊపు, అంటే గమకం ఉంది. వర్ణం పదే పదే పాడితేనే అది గొంతుకు పడుతుంది. అది పడకముందే మెట్లెక్కి దిగుతూ ఆడుకుంటే, ఆ గొంతులో చదునైన మోహనం గడ్డకట్టుకుపోతుంది. తర్వాత దాన్ని కరిగించడం ఎంత కష్టమో నాకు తెలుసు, కీబోర్డు తరగతుల నుంచి వచ్చిన పిల్లలతో రోజూ పడుతున్నదే. పురందరదాసు పేరు మీద మనకు ఒక వరుస నిలిచింది, మాయామాళవగౌళ రాగంలో సరళీలు, జంటలు అనే తొలి పాఠాలు, ఆ పైన మలహరి రాగంలో గీతాలు. ఆ వరుసలో కల్పన ఎక్కడా లేదంటే కారణం ఉండకుండా పోదు.

రెండో మాట. గురువు వద్దన్నది ఇంట్లో చేయిస్తే నలిగేది ఎవరు? పాపే. ఒక చోట చప్పట్లు, ఒక చోట చీవాట్లు. ఈ సంగతి ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

జవాబు: తెలుగు పంతులు, పలమనేరు

నాకు సరిగమలు రావు. ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మాస్టారు చెప్పిన నాలుగు స్వరాల ఆట చదువుతుంటే, నేను ఏడో తరగతిలో ఆడించేది గుర్తొచ్చి రాస్తున్నాను.

అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంటుంది. అవధాని పద్యంలో ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఫలానా అక్షరం రాకూడదని పృచ్ఛకుడు అడ్డు వేస్తూ పోతాడు. దాన్ని పిల్లలకు తగ్గట్టు తేలిక చేసి, మాటల్లోకి దించాను. ఇద్దరు లేస్తారు, ఒకరు కూరగాయల అంగడి, ఒకరు కొనేవారు. కొనేవారి నోట 'క' గాని, దాని గుణింతం గాని రాకూడదు. అప్పుడు తెలుస్తుంది అంగడిలో 'క' లేకుండా బతకడం ఎంత కష్టమో. వంకాయ లేదు, కాకర లేదు, కొత్తిమీర లేదు, కిలో అనడానికి లేదు. అసలు కూరగాయ అనడానికే లేదు. మామూలు రోజుల్లో పేరు పిలిస్తే తప్ప నోరు మెదపని ఒక పిల్లవాడు లేచాడు. కాసేపు నేల చూశాడు. తర్వాత, "అన్నా, ఆ ఊదారంగుది ఇవ్వన్నా. నెత్తిన పచ్చ టోపీ ఉంది చూడు, అది" అన్నాడు. తరగతి ఘొల్లుమంది. అంగడి వేషంలో ఉన్నవాడు తక్కువవాడు కాడు, "ఎన్ని కిలోలు?" అని ఉచ్చు బిగించాడు. వీడు తడుముకోకుండా "సంచి నిండా పొయ్యి" అన్నాడు. సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే వాడు పెన్ను కొరుకుతూ కూర్చుంటాడు. అడ్డు వేస్తే గాని వాడికి మాట పుట్టలేదు. మాస్టారి మోహనంలో రెండు స్వరాలు తీసేయడం కూడా ఇలాంటిదే అనిపించింది.

(మా పిల్లల్లో సగం మంది తిరుపతి వేంకట కవులంటే మన తిరుపతి వారనుకుంటారు. వారు గోదావరి వైపు వారు. దివాకర్ల వారి పేరు తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వారి పేరు వేంకట శాస్త్రి, అంతే. జంటగా ఊరూరా తిరిగి అవధానాలు చేసి ఆ విద్యకు జనంలో పేరు తెచ్చారు.)

ఇది ఎక్కడో విదేశాల నుంచి వచ్చిన కొత్త విద్య అనుకునేవారికి ఒక మాట. వేసవిలో మన పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర దుర్యోధన వధ. ఆ రోజు భీముడు దుర్యోధనుణ్ని తరుముకుంటూ జనంలోకి వచ్చేస్తాడు. ఏ అవ్వ ఏమని తిడుతుందో, ఏ కుర్రవాడు అడ్డం వస్తాడో నాటకం పుస్తకంలో ఉండదు. గద ఊపుతూనే దానికి జవాబు చెప్పాలి, కథ దారి తప్పకూడదు.

అమెరికాలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ కూడా పిల్లల కోసమే ఇటువంటి ఆటలు కట్టారు. 1930ల చివర షికాగోలో, వేరు వేరు దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో పని చేస్తూ, నటన గురించి ఉపన్యాసం చెప్పకుండా ఆటలోనే నేర్పే పద్ధతి రూపొందించారు. లేని తాడుతో తాడులాట అందులో ప్రసిద్ధం. రెండు జట్లూ ఒకే తాడు పట్టుకున్నట్టు కనబడాలి, ఒకరు లాగితే ఎదుటివారు ముందుకు తూలాలి. మా బడిలో ఆడించాను. బాగా అరిచే జట్టు కాదు, ఎదుటి జట్టు చేతులను గమనించే జట్టు బాగా ఆడింది. శ్రుతిశుద్ధం గారు పాఠాల వరుస పాడవుతుందని భయపడుతున్నారు గాని, ఇటువంటి ఆట అయ్యాక నా పిల్లలు పాఠం ఇంకాస్త చెవి పెట్టి వింటారు.

జవాబు: కపిలతీర్థం వీధి

మా వాడు ఎవరైనా పలకరిస్తే నా వెనక దాక్కునే రకం. గంగమ్మ జాతరలో మొక్కు ఉండి ఒకసారి వేషం వేయించాం. ముఖానికి రంగు పడగానే వేరే మనిషి. వేపాకు మండ పట్టుకుని, వీధిలో పెద్దవాళ్లు ఎగతాళి చేస్తే ఎదురు చెప్పి నవ్వించాడు. మర్నాడు రంగు కడిగేసరికి మళ్లీ మామూలే అనుకోండి. కానీ లోపల ఆ మాటలు ఉన్నాయని మాకు తెలిసింది. అప్పటి నుంచి రాత్రిపూట కథ సగం నేను చెప్పి, సగం వాడిని చెప్పమంటున్నాను. వాడి సగంలో ప్రతి కథలోనూ ఒక ఏనుగు వచ్చి చేరుతుంది. కథకు అవసరం ఉన్నా లేకపోయినా.

చిత్తూరు తల్లి

అందరికీ నమస్కారాలు. మా వారికి మాస్టారు రాసింది చదివి వినిపించాను, లెక్కల మాట మళ్లీ ఎత్తలేదు. శ్రుతిశుద్ధం గారి రెండో మాట మాత్రం మనసులో ముల్లులా ఉంది. గురువుగారిని నొప్పించడం నాకు ఇష్టం లేదు. ఆవిడ పాఠం చాలా శ్రద్ధగా చెబుతారు. ఇంకొకటి, ఆ ఆటలో లఘువు ఎవరు పాడాలి మా ఇంట్లో? నాకు రాదు కదా.

వాయులీన మాస్టారు, తిరుపతి

శ్రుతిశుద్ధం గారి రెండో మాటతో నాకు పేచీ లేదు. గురువుకు తెలియకుండా ఇంట్లో వేరే తరగతి నడపవద్దు. వెళ్లి అడగండి. "మనోధర్మం నేర్పండి" అని అడగకండి, అది పెద్ద మాట, ఇంత చిన్న పిల్లకా అని కసురుకుంటారు. "పాఠం అయ్యాక చివరి అయిదు నిమిషాలు, మోహనంలో మీరు నాలుగు స్వరాలు అంటే పాప నాలుగు స్వరాలు జవాబు చెబుతుందట, వింటారా?" అని అడగండి. నేను ఎరిగిన గురువుల్లో చాలామంది దీనికి కాదనరు. వాళ్లకూ ఆ అయిదు నిమిషాలు హాయిగా ఉంటాయి.

మొదటి మాటకు జవాబు. గమకం గురించి మీ భయం న్యాయమైనదే, శ్రుతిశుద్ధం గారూ. అందుకే నేను మొదటి కాలం దాటనివ్వను. నిదానంగా పాడితే గాంధారాన్ని ఊపడానికి చోటు ఉంటుంది. నేను లఘువులో ఊపి పాడితే పిల్ల ద్రుతంలో ఊపుతుంది, చెప్పనక్కరలేదు. వేగం పెంచితే మీరన్న చదును మోహనం వచ్చి తీరుతుంది, అక్కడ మీతో ఏకీభవిస్తాను. వరుసలో కల్పన లేదన్నారు. వరుసలో గమకం గురించి మాత్రం ఎక్కడ రాసి ఉంది? గురువు నోటి నుంచే వచ్చింది. ఇదీ అలాగే వస్తుంది.

మన ఊరి సంగతే చూడండి. తిరుపతిలో అన్నమయ్య పాట రాని పిల్ల ఉండదు. తాళ్లపాక వారి రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. ఈనాడు మనం పాడుకునే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వంటి పెద్దలు రేకు మీది రాగం పేరును ఆధారం చేసుకుని కూర్చుని ఆ పని చేశారు. అంతటి విద్వత్తు పదేళ్ల పిల్లకు ఉండదు, నిజమే. నాలుగు స్వరాలకు అంత విద్వత్తు అక్కరలేదు కూడా.

ఇక మీ ఇంటి లఘువు. మీరే పాడండి అమ్మా. మూడేళ్లుగా వింటున్నారు, "స రి గ ప" మీకు రాకుండా ఉండదు. వేరే స్వరాలు వెతుక్కోవద్దు, ప్రతిసారీ ఆ నాలుగే పాడండి. ప్రశ్న మారకపోతే జవాబు మార్చడం ఇంకా కష్టం, పాపకు అదే మంచి సాధన. పాప శ్రుతి ఎంతో గురువుగారిని అడిగి, ఫోనులో తంబూరా దానికి పెట్టుకోండి. బాగుందో లేదో చెప్పాలని కంగారు పడవద్దు, మెచ్చుకోవద్దు, దిద్దవద్దు, తాళం మాత్రం వేస్తూ ఉండండి. మీరు శ్రుతి తప్పితే పాపే చెబుతుంది.